అప్పు పుట్టని పేటలు: అమెరికాలో లాభాపేక్ష లేని రుణ సంస్థల కథ

ఊళ్లో అప్పు పుట్టాలంటే పరపతి ఉండాలంటారు. ఆ పరపతి ఆస్తిని బట్టే కాదు, పుట్టుకను బట్టి కూడా వస్తుందని దళితవాడల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇదే విషయం మీద అమెరికాలో నల్లజాతి ప్రజలు బానిసత్వం రద్దయిన నాటి నుంచీ కొట్లాడుతూ ఉన్నారు. ఆ కొట్లాటలోంచి ఒక రకం రుణ సంస్థలు పుట్టుకొచ్చాయి. వాటిని అక్కడ 'కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఫైనాన్షియల్ ఇన్‌స్టిట్యూషన్స్' అంటారు, పొట్టిగా సీడీఎఫ్‌ఐలు. బ్యాంకులు కాదన్న కుటుంబాలకు ఇంటి రుణం ఇవ్వడం, బ్యాంకులు లెక్కలోకి తీసుకోని చిన్న దుకాణాలకు, చిన్న వ్యాపారాలకు పెట్టుబడి సర్దడం వీటి పని. వీటిలో ఎక్కువ భాగం రుణ నిధులు, పరపతి సంఘాలు. లాభం పంచుకునే వాటాదారులు వాటికి ఉండరు. ప్రభుత్వ గుర్తింపు పొందినవే ఇప్పుడు 1400 పైచిలుకు ఉన్నాయి.

నల్లజాతి ఉద్యమానికీ మన ఉద్యమానికీ ఉన్న చుట్టరికం గురించి మన సభల్లో తరచూ వింటాం. 1946లో అంబేడ్కర్ డుబోయిస్‌కు రాసిన ఉత్తరం, బ్లాక్ పాంథర్స్ స్ఫూర్తితో 1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్స్, ఇవన్నీ మనకు తెలిసిన సంగతులే. అదే నల్లజాతి పేటలు బ్యాంకుల మీద చేసిన పోరాటం గురించి మాత్రం తెలుగులో పెద్దగా మాట్లాడుకోలేదు. మేము ఈ వ్యాసం రాస్తున్నది ఆ లోటు పూడ్చడానికే కాదు. ఆ పోరాటంలో తేలిన ఒక నిజం మనకు నేరుగా పనికొస్తుంది. నష్టభయం అప్పు తీసుకునే మనుషుల్లో ఉందని బ్యాంకులు చెబుతూ వచ్చాయి. ఆ భయం చాలా వరకు అప్పును తయారుచేసిన తీరులో ఉందని ఈ సంస్థలు లెక్కలతో చూపించాయి.

ఎర్ర రంగు పేటలు

కథ 1865 దగ్గర మొదలుపెట్టాలి. బానిసత్వం నుంచి బయటపడినవాళ్ల పొదుపు కోసం ఆ ఏడాది ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకును స్థాపించారు. కూలినాలి చేసి కూడబెట్టిన డబ్బు అందులో దాచారు. తెల్ల నిర్వాహకులు ఆ సొమ్మును సట్టా పెట్టుబడుల్లోకి, తమకు కావలసినవాళ్లకు అప్పుల కింద మళ్లించారు. మునిగిపోతున్న దశలో 1874లో ఫ్రెడరిక్ డగ్లస్‌ను తెచ్చి అధ్యక్ష స్థానంలో కూర్చోబెట్టారు. ఆయన తన సొంత డబ్బు 10 వేల డాలర్లు పెట్టినా బ్యాంకు నిలబడలేదు. అదే ఏడాది అది మూతపడినప్పుడు 61 వేల మంది ఖాతాదారులకు రావలసిన సొమ్ము దాదాపు 30 లక్షల డాలర్లు. బ్యాంకంటే నల్లజాతి కుటుంబాల్లో తరాల పాటు నిలిచిపోయిన అపనమ్మకానికి మూలం ఇక్కడుంది.

తర్వాతి దెబ్బ 1930లలో తగిలింది. ఆర్థిక మాంద్యంలో ఇళ్లు పోగొట్టుకుంటున్నవాళ్లను ఆదుకోవడానికి 1933లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ వచ్చింది. ఆ సంస్థ రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించి పేటలను నాలుగు తరగతులుగా విడగొట్టింది. మొదటి తరగతికి ఆకుపచ్చ, రెండోదానికి నీలం, మూడోదానికి పసుపు, 'ప్రమాదకరం' అనుకున్నదానికి ఎరుపు. నల్లజాతివాళ్లు ఉండే పేటలన్నీ దాదాపు ఎరుపులోకే వెళ్లాయి. అక్కడ ఇల్లు ఎంత గట్టిగా కట్టినా, మనిషికి ఎంత స్థిరమైన ఉద్యోగం ఉన్నా సరే. రెడ్‌లైనింగ్ అన్న మాట ఈ ఎరుపు నుంచే వచ్చింది. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పటాలను డిజిటల్‌గా అందరికీ అందుబాటులో పెట్టారు. విద్యార్థులు ఒక్కసారి చూడాలి. ఊరు, వాడ అన్న గీత మనకు కొత్త కాదు గానీ, ఆ గీతను ఒక ప్రభుత్వ కార్యాలయం రంగు వేసి ఫైల్లో పెట్టుకోవడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

అయితే పాపమంతా పటాల మీద వేయడం సరికాదు. ఆర్థిక చరిత్రకారులు ఇటీవల చేసిన పరిశోధనల్లో అసలు నష్టం మరో సంస్థ వల్ల జరిగిందని తేలుతోంది. అది 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్. ఇది నేరుగా అప్పు ఇవ్వదు, బ్యాంకు ఇచ్చే ఇంటి రుణానికి బీమా చేస్తుంది. ఆ బీమా ఉంటే తక్కువ వడ్డీ, తక్కువ డౌన్‌పేమెంట్, ఇరవై ముప్పై ఏళ్ల వాయిదాలు. అమెరికా మధ్యతరగతి తయారైందే ఈ రుణాలతో. బీమా ఇవ్వాలా వద్దా అని చూసే అధికారుల చేతిపుస్తకం, వేర్వేరు జాతులవాళ్లు కలిసి ఉండే పేటను నష్టభయం కింద లెక్కగట్టమని చెప్పింది. ఇంటిని నల్లజాతివాళ్లకు అమ్మబోమన్న షరతును దస్తావేజులో రాసుకోవడాన్ని మంచి లక్షణంగా చూసింది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంటి విషయంలో వివక్షను నిషేధించే చట్టం మాత్రం 1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి గానీ రాలేదు.

బ్యాంకు తలుపు మూసుకుంటే పక్కన ఇంకో తలుపు తెరుచుకుంటుంది. మన దగ్గర అది వడ్డీ వ్యాపారి తలుపు. షికాగోలో అది 'కాంట్రాక్టు కొనుగోలు'. దళారి ఒక ఇంటిని తక్కువకు కొని, నల్లజాతి కుటుంబానికి దాదాపు రెట్టింపు ధరకు అమ్ముతాడు. కొన్నవాళ్లు బయానా కట్టాలి, నెలనెలా వాయిదా కట్టాలి, మరమ్మతులు, పన్నులు కూడా వాళ్లవే. దస్తావేజు మాత్రం ఆఖరి వాయిదా దాకా అమ్మినవాడి పేరు మీదే ఉంటుంది. ఒక్క నెల తప్పినా ఇల్లూ పోతుంది, కట్టినదంతా పోతుంది. ఇంట్లోంచి వెళ్లగొట్టి అదే ఇంటిని మరో కుటుంబానికి మళ్లీ అమ్మేవాళ్లు. 1950, 60 దశకాల్లో షికాగోలో నల్లజాతి కుటుంబాలు కొన్న ఇళ్లలో ముప్పావు వంతుకు పైగా ఈ పద్ధతిలో కొన్నవేనని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో లెక్క తేల్చారు. ఆ కుటుంబాల నుంచి లాక్కున్న సొమ్ము ఇప్పటి విలువలో 300 నుంచి 400 కోట్ల డాలర్లు.

1968లో లాండేల్ ప్రాంతంలో ఈ కుటుంబాలు కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్‌గా ఏర్పడ్డాయి. వందల కుటుంబాలు ఒక్కటై వాయిదాలు కట్టడం ఆపేశాయి. పోలీసులు సామాను వీధిలో పడేస్తే చుట్టుపక్కలవాళ్లు తిరిగి లోపల పెట్టారు. కోర్టు కేసుల్లో ఆఖరికి ఓడిపోయినా, చాలామంది తమ ఒప్పందాలను తిరగరాయించుకోగలిగారు. టా-నెహిసి కోట్స్ 2014లో 'అట్లాంటిక్' పత్రికలో నష్టపరిహారం గురించి రాసిన సుదీర్ఘ వ్యాసానికి ఈ పోరాటమే ఆధారం.

ముందు లెక్క, తర్వాతే అప్పు

సీడీఎఫ్‌ఐల గురించి రాసేవాళ్లు సాధారణంగా ఏదో ఒక మంచి మనసున్న సంస్థతో కథ మొదలుపెడతారు. మాకు అది సరైన వరుస అనిపించదు. ఆ సంస్థలు దేశమంతా నిలదొక్కుకోవడానికి ముందు రెండు చట్టాలు వచ్చాయి. వాటిని తెచ్చినవాళ్లు బస్తీ సంఘాలు.

షికాగోలోని ఆస్టిన్ పేటలో గేల్ సిన్‌కోటా అనే గృహిణి ఉండేది. ఆరుగురు కొడుకుల తల్లి, హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు, తెల్లజాతి మహిళ. తన పేటలోకి నల్లజాతి కుటుంబాలు రావడంతోనే బ్యాంకులు రుణాలు ఆపేయడం, దళారులు దిగడం ఆమె కళ్లారా చూసింది. బడి సంఘంతో మొదలుపెట్టి దేశవ్యాప్త ఉద్యమం దాకా వెళ్లింది. ఆ ఉద్యమం మొదట అడిగింది అప్పు కాదు, లెక్క. ఏ పేట నుంచి ఎంత డిపాజిట్లు తీసుకుంటున్నారు, ఆ పేటలో ఎంత అప్పు ఇస్తున్నారు? 1975లో వచ్చిన హోమ్ మార్ట్‌గేజ్ డిస్‌క్లోజర్ చట్టం బ్యాంకులు తమ ఇంటి రుణాలను ప్రాంతాలవారీగా బయటపెట్టాలని ఆదేశించింది. రెండేళ్లకు, 1977లో, సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ చొరవతో కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ చట్టం వచ్చింది. బ్యాంకు ఎక్కడ డిపాజిట్లు సేకరిస్తుందో అక్కడి ప్రజల రుణ అవసరాలు తీర్చే బాధ్యత దానికుందని ఆ చట్టం చెప్పింది. పేదపేటలను వదిలేయడానికి వీల్లేదు.

ఈ రెండో చట్టంలో జైలు లేదు, జరిమానా లేదు. దాని బలం వేరేచోట ఉంది. బ్యాంకుకు నాలుగు తరగతుల్లో ఏదో ఒక మార్కు వేస్తారు. బ్యాంకు మరో బ్యాంకులో విలీనం కావాలన్నా, కొత్త శాఖ తెరవాలన్నా నియంత్రణ సంస్థ అనుమతి అడిగేటప్పుడు ఆ మార్కు చూస్తారు. అప్పుడు బస్తీ సంఘాలు అభ్యంతరం నమోదు చేయొచ్చు. కోట్ల డాలర్ల విలీనం ఆగిపోతుందనే భయంతో బ్యాంకులు దిగివచ్చి, ఫలానా పేటల్లో ఇంత రుణం ఇస్తామని సంఘాలతో ఒప్పందాలు రాసుకున్నాయి. సీడీఎఫ్‌ఐలకు చవకగా డబ్బు ఇవ్వడం కూడా ఈ మార్కు సంపాదించుకునే దారుల్లో ఒకటి. అంటే ఈ సంస్థలకు నడిచే డబ్బులో పెద్ద భాగం బ్యాంకుల దయ వల్ల కాదు, ఈ చట్టం వల్ల వస్తోంది.

లెక్క ఎంత పని చేయగలదో 1988లో అట్లాంటాలో తేలింది. 'అట్లాంటా జర్నల్-కాన్‌స్టిట్యూషన్' పత్రికలో బిల్ డెడ్‌మన్ అనే విలేకరి 1975 చట్టం కింద దాఖలైన రికార్డులను కంప్యూటర్లో వేసి లెక్కించాడు. ఒకే స్థాయి ఆదాయం ఉన్నా, నల్లజాతి పేటల కంటే తెల్లజాతి పేటలకు ఐదు రెట్లు ఎక్కువ రుణాలు అందాయని తేలింది. 'ఆదాయం లేదు కాబట్టి ఇవ్వలేదు' అన్న సాకు ఆ ఒక్క లెక్కతో కూలిపోయింది. మరుసటి ఏడాది ఆ కథనాలకు పులిట్జర్ వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, 1989లో చట్టాన్ని సవరించి, దరఖాస్తు పెట్టిన ప్రతి వ్యక్తి జాతి, ఆదాయం, ఆడా మగా, దరఖాస్తు మంజూరైందా తిరస్కరించారా అన్నది నమోదు చేయాలన్నారు. పేర్లు ఉండవు. కానీ ఎవరు కాదన్నారో, ఎవరిని కాదన్నారో కనబడుతుంది.

దక్షిణ తీరం నుంచి డర్హమ్ దాకా

సంస్థల కథలోకి వస్తే, అందరూ ముందుగా చెప్పేది షికాగోలోని సౌత్ షోర్ బ్యాంకు గురించి. పేట జనాభా తెల్లజాతి నుంచి నల్లజాతికి మారుతుండగా ఆ బ్యాంకు యజమానులు దుకాణం సర్దుకుని నగర కేంద్రానికి వెళ్లిపోవాలనుకున్నారు. స్థానికులు అడ్డుకున్నారు, నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది. 1973లో రొనాల్డ్ గ్రిజ్విన్‌స్కీ, మేరీ హౌటన్, మిల్టన్ డేవిస్, జేమ్స్ ఫ్లెచర్ కలిసి దాన్ని కొన్నారు. ఇద్దరు తెల్లవాళ్లు, ఇద్దరు నల్లవాళ్లు. ఆ పేటలోని పాత అపార్టుమెంటు భవనాలను కొని బాగుచేసే స్థానికులకు అప్పులిచ్చారు. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు తొలినాళ్లలో సలహాలిచ్చిందీ వీళ్లే. ఆర్కన్సా గవర్నరుగా ఉన్న బిల్ క్లింటన్ వీళ్లను తన రాష్ట్రానికి పిలిపించుకున్నాడు. అధ్యక్షుడయ్యాక 1994లో ఆయన సంతకం చేసిన చట్టంతోనే సీడీఎఫ్‌ఐ ఫండ్ అనే ప్రభుత్వ నిధి ఏర్పడింది. సౌత్ షోర్ మాత్రం లాభాపేక్ష లేని సంస్థ కాదు, మంచి ఉద్దేశంతో నడిచిన బ్యాంకు. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

లాభాపేక్ష లేని దారికి మంచి ఉదాహరణ సెల్ఫ్-హెల్ప్. ఉత్తర కరోలినాలోని డర్హమ్‌లో 1980లో మార్టిన్ ఈక్స్, బానీ రైట్ దీన్ని మొదలుపెట్టారు. మూతపడుతున్న మిల్లుల కార్మికులు సొంతంగా సహకార సంఘాలు పెట్టుకునేందుకు సాయం చేయాలన్నది మొదటి ఆలోచన. సలహాలు ఎన్ని ఇచ్చినా అప్పు పుట్టకపోతే సంఘం నడవదని త్వరలోనే అర్థమైంది. ఇంట్లో చేసిన తినుబండారాలు అమ్మగా వచ్చిన 77 డాలర్లతో పరపతి సంఘం తెరిచామని వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత నల్లజాతి కుటుంబాలకు, ఒంటరి తల్లులకు ఇంటి రుణాలు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇలాంటి సంస్థ లోపల డబ్బు ఎలా తిరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే 'స్వచ్ఛంద సంస్థ అప్పిస్తుంది' అనగానే మనకు దానధర్మం గుర్తొస్తుంది. ఒక రుణ నిధి దగ్గర రెండు రకాల డబ్బు ఉంటుంది. ఒకటి గ్రాంటుగా వచ్చింది, తిరిగి ఇవ్వక్కర్లేదు. ప్రభుత్వ నిధి నుంచో, ఫౌండేషన్ల నుంచో వస్తుంది. రెండోది అప్పుగా తెచ్చుకున్నది. బ్యాంకుల నుంచి, చర్చిల నుంచి, ఫౌండేషన్ల నుంచి, మామూలు మనుషుల నుంచి తక్కువ వడ్డీకి తెస్తారు. ఎవరైనా అప్పు తీర్చలేకపోతే ఆ నష్టం ముందుగా గ్రాంటు డబ్బులోంచి పోతుంది. కాబట్టి అప్పిచ్చినవాళ్లు ధైర్యంగా ఇస్తారు. ఒక డాలరు గ్రాంటు అడుగున ఉంటే దాని మీద ఎన్నో డాలర్ల అప్పు నిలబెట్టవచ్చు. ఆ అప్పు వసూలవుతుంది, మళ్లీ మరొకరికి వెళ్తుంది. ప్రభుత్వం సబ్సిడీగా ఒకసారి ఇచ్చి మరిచిపోయే డబ్బుకూ దీనికీ ఉన్న తేడా ఇదే.

ఇక అప్పు తీసుకునే మనిషి వైపు నుంచి చూద్దాం. బ్యాంకు చూసేది క్రెడిట్ స్కోరు, పూచీకత్తు. పాత అప్పు లేనివాడికి స్కోరు ఉండదు, స్కోరు లేనివాడికి అప్పు ఉండదు. సీడీఎఫ్‌ఐ అధికారి పదేళ్లుగా తప్పకుండా కట్టిన ఇంటి అద్దె చూస్తాడు, కరెంటు బిల్లులు చూస్తాడు. ఇంట్లోనే పసిపిల్లల సంరక్షణ కేంద్రం నడిపే మహిళ అయితే ఆమెతో కూర్చుని ఆదాయం ఖర్చు పట్టిక తయారు చేయిస్తాడు. ఇదంతా ఉపకారం కాదు. ప్రభుత్వ గుర్తింపు కావాలంటే అప్పుతో పాటు ఇలాంటి తోడ్పాటు ఇవ్వడం తప్పనిసరి. రుణాల్లో కనీసం 60 శాతం తాము ఎంచుకున్న పేద ప్రాంతాలకో, వెనుకబడ్డ వర్గాలకో వెళ్లాలి. ఆ ప్రజలకు జవాబుదారీగా ఉండే ఏర్పాటు, ఉదాహరణకు పాలకమండలిలో వాళ్ల ప్రతినిధులు, ఉండాలి. ఈ చివరి నిబంధన మాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

బ్యాంకులు వదిలేసే మరో మూల చిన్న రుణాలు. లక్ష డాలర్ల లోపు ఇంటి రుణానికీ, ఐదు లక్షల డాలర్ల రుణానికీ కాగితాల పని ఇంచుమించు ఒకటే, వచ్చే ఆదాయం మాత్రం ఒకటి కాదు. అందుకే చవకైన ఇళ్లుండే నల్లజాతి పేటల్లో, మిసిసిపీ డెల్టా లాంటి గ్రామీణ ప్రాంతాల్లో, వివక్ష చూపాలన్న ఉద్దేశం ఎవరికీ లేకపోయినా అప్పు పుట్టదు. మిసిసిపీలోని జాక్సన్‌లో ఒక చర్చి నుంచి మొదలైన హోప్ క్రెడిట్ యూనియన్ పనిచేస్తున్నది ఈ ఖాళీలోనే.

46 వేల అప్పులు చెప్పిన సాక్ష్యం

1998లో సెల్ఫ్-హెల్ప్ ఒక పెద్ద ప్రయోగం చేసింది. ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చిన 5 కోట్ల డాలర్ల గ్రాంటును నష్టాలకు అడ్డుగా పెట్టింది. పేద కుటుంబాలకు బ్యాంకులు ఇచ్చిన ఇంటి రుణాలను వాటి నుంచి కొని, ఫానీ మే సంస్థకు అమ్మింది. ఎగవేత వస్తే నష్టం తనదేనని పూచీ పడింది. దాంతో బ్యాంకుల డబ్బు ఖాళీ అయి, మళ్లీ అలాంటి రుణాలే ఇవ్వగలిగాయి. ఇలా 46 వేలకు పైగా కుటుంబాలు ఇళ్లు కొనుక్కున్నాయి. అన్నీ దాదాపు ముప్పై ఏళ్ల కాలపరిమితి, మారని వడ్డీ.

అదే రోజుల్లో అవే పేటల్లో ఇంకో రకం అప్పు వరదలా వచ్చింది. దాని పేరు సబ్‌ప్రైమ్. మొదటి రెండేళ్లు తక్కువ వడ్డీ చూపించి తర్వాత పెంచేది. ముందుగా తీర్చేస్తే జరిమానా. మధ్యలో కమిషన్ తీసుకునే దళారి. ఒకప్పుడు అప్పే ఇవ్వని పేటలకు ఇప్పుడు చెడ్డ అప్పు అంటగట్టారు. మంచి రుణానికి అర్హత ఉన్న నల్లజాతివాళ్లను కూడా ఇందులోకి నెట్టారు. రెండు లక్షలకు పైగా నల్లజాతి, లాటినో రుణగ్రహీతలకు జరిగిన అన్యాయం మీద కంట్రీవైడ్ కేసులో 2011లో 33.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

2008లో ఇళ్ల మార్కెట్ కూలింది. పేదలకు, నల్లవాళ్లకు అప్పులిమ్మని 1977 చట్టం బలవంతం చేయడం వల్లే ఇదంతా జరిగిందని మితవాదులు గోల పెట్టారు. రిజర్వేషన్ల వల్లే దేశం వెనకబడిందనే మాటకు ఇది అచ్చంగా కవల. ప్రభుత్వ విచారణ కమిషన్ 2011 నివేదికలో తేలింది వేరు. అధిక వడ్డీ రుణాల్లో ఆ చట్టంతో ఏదో రకమైన సంబంధం ఉన్నవి 6 శాతం మాత్రమే.

అంతకంటే గట్టి సాక్ష్యం సెల్ఫ్-హెల్ప్ రుణాల నుంచి వచ్చింది. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ రుణాలు తీసుకున్నవాళ్లనూ, అన్ని విధాలా వాళ్లలాగే ఉన్న సబ్‌ప్రైమ్ రుణగ్రహీతలనూ పక్కపక్కన పెట్టి చూశారు. అదే ఆదాయం, అదే క్రెడిట్ స్కోరు. సబ్‌ప్రైమ్ తీసుకున్నవాళ్లలో ఎగవేత సుమారు మూడు రెట్లు ఎక్కువ. మారే వడ్డీ, దళారి, ముందస్తు చెల్లింపు జరిమానా మూడూ కలిస్తే తేడా ఇంకా పెరిగింది. మనిషి మారలేదు, అప్పు మారింది. 'వాళ్లకిస్తే తిరిగి రాదు' అన్న మాటకు ఇంతకంటే సూటి జవాబు మేము చదివినవాటిలో ఇంకోటి లేదు.

ఎంత వరకు

ఈ సంస్థలను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. మెహర్సా బరదారన్ 2017లో రాసిన 'ద కలర్ ఆఫ్ మనీ' పుస్తకం నల్లజాతి బ్యాంకుల చరిత్ర అంతా తవ్వి ఒక చేదు మాట చెబుతుంది. వేరుచేసిన పేటలో, ఆస్తి లేనివాళ్ల మధ్య, వాళ్ల డబ్బుతోనే బ్యాంకు నడిపి సంపద పుట్టించడం అసాధ్యం. ఆస్తి పంచకుండా 'మీ బ్యాంకు మీరు పెట్టుకోండి' అనడం ప్రభుత్వాలు బాధ్యత దులుపుకునే పద్ధతి. అంకెలు ఆమె వైపే ఉన్నాయి. 1960లో తెల్ల, నల్ల కుటుంబాల మధ్య సొంతింటి తేడా 27 శాతం పాయింట్లు. ఇప్పుడు దాదాపు 30. ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి 2 లక్షల 85 వేల డాలర్లు, నల్ల కుటుంబానిది 45 వేల లోపు. సౌత్ షోర్ బ్యాంకు కూడా 2010లో మూతపడింది. తన పేటను వదలని బ్యాంకు, పేటతో పాటే మునిగింది.

1977 చట్టం కూడా పదును కోల్పోయింది. నూటికి 95 పైగా బ్యాంకులు పాసవుతుంటే ఆ మార్కులకు అర్థమేముంది? 2020లో కోవిడ్ సాయం కింద చిన్న వ్యాపారాలకు కేటాయించిన 34,900 కోట్ల డాలర్లు 13 రోజుల్లో అయిపోయాయి. పెద్ద బ్యాంకులు తమ పాత ఖాతాదారులకే ముందు వరుస ఇచ్చాయి, నల్లజాతి దుకాణదారులకు వరుస రాకముందే డబ్బు అయిపోయింది. రెండో విడతలో చిన్న రుణ సంస్థలకు విడిగా కొంత పక్కన పెట్టాల్సి వచ్చింది. వ్యాపార రుణాల్లోనూ జాతివారీ లెక్క బయటపెట్టాలని 2010 చట్టం చెప్పినా, నియమాలు 2023లో గానీ రాలేదు. అవి కూడా కోర్టు కేసుల్లో, వాయిదాల్లో నలుగుతున్నాయి. 2023లో 32 కోట్ల 40 లక్షల డాలర్ల కేటాయింపు పొందిన సీడీఎఫ్‌ఐ ఫండ్‌ను చట్టం అనుమతించే కనీస స్థాయికి కుదించమని 2025 మార్చిలో ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు.

మన లెక్క ఎక్కడుంది

ఇక్కడి సంస్థల సంగతికొస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ కార్పొరేషన్ 1974లోనే వచ్చింది. ఢిల్లీలో జాతీయ ఎస్సీ ఆర్థిక సంస్థ 1989లో వచ్చింది. స్టాండప్ ఇండియా 2016లో వచ్చింది. ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణం ఇవ్వాలన్నది దాని లక్ష్యంగా ఉండేది. పథకాలకు కొరత లేదు. కార్పొరేషన్ సబ్సిడీ మంజూరైనా, మిగతా వాటా బ్యాంకు ఇస్తేనే యూనిట్ మొదలవుతుంది. బ్యాంకు అంగీకార పత్రం కోసం మేనేజరు గది ముందు ఎన్ని చెప్పులు అరిగాయో మనవాళ్లకు తెలుసు. తెలంగాణ దళితబంధు 2021లో బ్యాంకును పక్కన పెట్టి కుటుంబానికి 10 లక్షలు నేరుగా ఇస్తామంది. బ్యాంకు మేనేజరు స్థానంలో ఎమ్మెల్యే వచ్చి కూర్చున్నాడన్న విమర్శ వెంటనే వచ్చింది.

లాభాపేక్ష లేని దారి మన నేల మీద ఎలా పక్కదారి పట్టిందో కూడా తెలిసిందే. 1997లో మెదక్ జిల్లాలో స్వచ్ఛంద సంస్థగా మొదలైన స్వయం కృషి సంఘం, కంపెనీగా మారి, 2010లో స్టాక్ మార్కెట్‌కెక్కింది. అదే ఏడాది అక్టోబరులో, మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపుల మీద, ఆత్మహత్యల మీద రాష్ట్రం అట్టుడికిన తర్వాత ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పేద మహిళల వాయిదాల మీద వాటాదారుల లాభం ఆధారపడితే ఏమవుతుందో మనం సిద్ధాంతం చదివి తెలుసుకోలేదు.

మన దగ్గర లేనిది 1989 అమెరికా సవరణ లాంటిది. బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు, అందులో భాగంగా మొత్తం రుణాల్లో 12 శాతం బలహీన వర్గాలకు ఇవ్వాలన్న నిబంధన ఉంది. కానీ ఆ 'బలహీన వర్గాల' సంచిలో చిన్న, సన్నకారు రైతులు, స్వయం సహాయక సంఘాలు, మైనారిటీలు అందరూ ఉన్నారు. ఎస్సీలకు విడి వాటా లేదు. దళితులకు నామమాత్రంగా ఇచ్చినా లక్ష్యం చేరినట్టు చూపించుకోవచ్చు. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి మూడు నెలలకోసారి విడుదల చేసే పత్రాల్లో ఎంత రుణం ఇచ్చారన్న అంకెలు బ్యాంకులవారీగా దొరుకుతాయి. ఎంతమంది అడిగారు, ఎంతమందిని ఏ కారణంతో కాదన్నారు అన్నది దరఖాస్తుల వారీగా, కులంవారీగా బయటపెట్టాలన్న చట్టం ఏదీ లేదు.

అలాగని కాగితం బొత్తిగా లేదనుకోకూడదు. ఎస్సీ, ఎస్టీల రుణ దరఖాస్తును శాఖ స్థాయిలో తిరస్కరించకూడదని, పై స్థాయి అధికారే ఆ నిర్ణయం తీసుకోవాలని, కారణం స్పష్టంగా రాయాలని రిజర్వ్ బ్యాంకు సూచనలు ఏనాటి నుంచో ఉన్నాయి. అంటే ప్రతి తిరస్కరణకూ ఎక్కడో ఒక సంతకం, ఒక కారణం ఉండి తీరాలి. ప్రభుత్వరంగ బ్యాంకులు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయి. ఖాతాదారుల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తోసిపుచ్చుతారు. పేర్లు లేకుండా, ఒక జిల్లాలో గత ఐదేళ్లలో వచ్చిన ఎస్సీ దరఖాస్తులెన్ని, తిరస్కరించినవెన్ని, ఏ స్థాయి అధికారి ఏ కారణం రాశాడు అని శాఖలవారీగా అడిగితే ఆ సాకు చెల్లదు. 'రికార్డు లేదు' అని జవాబిస్తే, రిజర్వ్ బ్యాంకు సూచన పాటించలేదని బ్యాంకే రాసిచ్చినట్టవుతుంది. అలా రాసిచ్చిన కాగితాలను జిల్లా కలెక్టరు అధ్యక్షతన జరిగే బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీ ముందు, ఎస్సీ కమిషన్ ముందు పెట్టవచ్చు.